సినిమా తాంబూలం

ఆ రోజుల్లో మదనపల్లె బజారు వీధిలో పుట్టిన పిల్లలకు రెండు బడులు ఉండేవి. ఒకటి గవర్నమెంటు వాళ్ళది, రెండోది గల్లాపెట్టె వెనకాల మా పెద్దవాళ్ళు నడిపేది. మొదటి దాంట్లో చదివింది పరీక్ష రాసి ఇంటికొచ్చేలోపే జారిపోయేది కానీ, రెండో దాంట్లో నేర్చుకున్నది ఈనాటికీ నన్ను వదల్లేదు. గిరాకీ గడప తొక్కగానే ముందు కాళ్ళ వైపు చూడాలి, ఆ తర్వాతే మొహం వైపు. "బాగాలేదు" అని రెండుసార్లు అన్న చీరనే మళ్ళీ విప్పి పరచాలి (నిజంగా నచ్చనిదాన్ని ఎవరూ రెండోసారి తిట్టరు). ఎదుటి మనిషి ఏం చెప్పినా మన మొహంలో ఆశ్చర్యం కనపడకూడదు. కనపడిందో, ఆ పూట బేరం పోయినట్టే. అన్నిటికంటే ముఖ్యంగా, గిరాకీ పట్టుకున్న గుడ్డను మనం లాగకూడదు, వాళ్ళంతట వాళ్ళే వదిలేలా మాట్లాడాలి. ఇంత తెలివి ఎవరికుంది అని నేను మురిసిపోతున్న ఆ కాలంలోనే, నా పెళ్ళి బేరం నాకు తెలియకుండా సగం దాకా నడిచిపోయింది.

డిగ్రీ అయిపోయి, మా బట్టలంగట్లో ఆడవాళ్ళ గుడ్డల వైపు కూర్చుంటున్నాను. మా అంగడి పక్కనే సన్నటి షట్టరు గది ఒకటి ఉండేది. దాంట్లో నాయన పాత మూటలు వేసి, తాళం పెట్టి మరిచిపోయాడు. నా కన్నంతా దాని మీదే. దాన్ని కడిగి, సున్నం కొట్టి, రవికలూ రెడీమేడ్లూ పెట్టుకుంటే నాదంటూ ఒక అంగడి అవుతుందని నా ఆశ. ఎప్పుడు అడిగినా నాయన ఒకటే మాట అనేవాడు: "పెండ్లయినాక మీ ఇంటాయన్ని అడుగు పాపా, ఆయన పెట్టిస్తాడు." సరే, ఆ ఇంటాయన ఎవరో రానీ, ఆయనతో బేరం ఆడదాం అనుకుంటూ ఉన్నాను. ఒకరోజు మధ్యవర్తి వచ్చి నాయనతో గుసగుసలాడుతుంటే, దుప్పట్ల దొంతర వెనక నిలబడి విన్నాను. కుప్పంలో హోల్‌సేల్ కిరాణా వాళ్ళట. అబ్బాయి బుద్ధిమంతుడు, అంగడి వదిలి కదలడట. కట్నం ఊసే లేదట. ఒకే ఒక షరతు. "వాళ్ళింట్లో ఆడోళ్ళు అంగట్లో కూర్చునేది లేదప్పా. గల్లాపెట్టె చాయలకే రారు. దానికి మటుకు ఒప్పుకోవాల." నాయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "దాందేముండాది, అట్లనే" అన్నాడు. మా నాయన ఒక రవిక గుడ్డకు కూడా అంత తొందరగా ఒప్పుకున్నది నేను ఎన్నడూ చూడలేదు.

శుక్రవారం మధ్యాహ్నం వాళ్ళు మా ఇంటికి రావడం, పిల్ల నచ్చితే అక్కడికక్కడే తాంబూలాలు మార్చుకోవడం అని ఖాయం చేసుకున్నారు. మా వాళ్ళల్లో తాంబూలం పళ్ళెం చేతులు మారిందంటే ఇక మాట మారదు. ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ప్రాణం పోయినా వెనక్కి పోరు. నేను ఏడ్చాను, అలిగాను, అన్నం మానేశాను (మధ్యలో ఆకలేసి దోసెలు తిన్నాను, అది వేరే సంగతి). అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని వంటింట్లోకి పోయేది. నాయన మాత్రం, "ముందు వాళ్ళను రానీ, సూడనీ" అని దాటేసేవాడు. వాళ్ళు నన్ను ఫోటోలోనే చూశారు. ఆ ఫోటోలో స్టూడియో ఆయన వేసిన పౌడరుకు నన్ను మా అమ్మే గుర్తుపట్టలేదు. నేనైతే వాళ్ళను అలాగైనా చూడలేదు. నాయన ఒక్కడే కుప్పం పోయి ఇల్లూ వాకిలీ చూసి వచ్చాడు.

సరిగ్గా ఆ వారమే పుంగనూరులో సినిమా వాళ్ళు దిగారు. పాత కాలం కథ. ఊరి పెద్ద కూతురు ఒకమ్మాయి, తాంబూలాలు మార్చుకునే వేళ అందరి ముందుకు వచ్చి, మగపెళ్ళివాళ్ళ చేతిలోని పళ్ళెం తీసుకుని తన తండ్రి చేతికే తిరిగిచ్చేసి, "నా బతుకు నేను బతుకుతాను" అని చెప్పి, పంతులమ్మ ఉద్యోగానికి వెళ్ళిపోతుంది. (ఈ కథ విన్నరోజు నాకు ఎలా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి.) ఆ కాలపు పంచెలు, చీరలు, తలపాగా గుడ్డలు కావాలని కాస్ట్యూమ్స్ చూసే అక్క హైదరాబాదు నుంచి వచ్చి, మదనపల్లెలో అంగళ్ళన్నీ తిరిగి చివరకు మా దగ్గర తేలింది. నేను ఆమెతో ఆడిన బేరానికి ఆమె రెండుసార్లు లేచి వెళ్ళిపోయి రెండుసార్లు తిరిగొచ్చింది. చివరికి నవ్వేసి, "నీ సరుకుతో పాటు నువ్వు కూడా రా తల్లీ, మీ వైపు తలపాగా ఎలా చుడతారో మావాళ్ళకి తెలీదు" అంది. సరుకు బాడుగకు పోతోంది కాబట్టి దాని వెంబడి ఇంటి మనిషి ఉండడం మంచిదని నాయన సరేనన్నాడు. అలా నేను మా అంగడి పేరు రాసి ఉన్న వ్యాన్లో రోజూ పుంగనూరు వెళ్ళి రావడం మొదలుపెట్టాను.

శుక్రవారం పొద్దున బయలుదేరుతుంటే నాయన వ్యాను తలుపు పట్టుకుని, "పదకొండుకల్లా ఇంట్లో ఉండాల. తల దువ్వుకోవాల, చీర కట్టుకోవాల. అర్థమయిందా మే?" అన్నాడు. "బట్టలు అప్పజెప్పేసి వచ్చేస్తా నాయనా" అన్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. కానీ ఆ రోజు తీస్తున్నది తాంబూలం సీనే. దాన్ని వదిలిపెట్టి నా తాంబూలానికి పోవాలంటే కాళ్ళు కదల్లేదు.

అక్కడ చూస్తే అంతా గందరగోళం. షూటింగుకని బాడుగకు తీసుకున్న పాత మిద్దె ముందు పెద్ద పందిరి, మామిడి తోరణాలు, ముగ్గులు, ఒక పక్క నాదస్వరం. అన్నీ ఉన్నాయి, మనుషులే లేరు. మగపెళ్ళివాళ్ళ వేషం వేయడానికి కలికిరి నుంచి రావాల్సిన నాటకాల వాళ్ళు రాలేదు. పెళ్ళికూతురి తండ్రి వేషం వేసే పెద్ద నటుడు ఇంకెక్కడో ఇరుక్కుపోయాడు. డైరెక్టరు నెత్తిన తువ్వాలు వేసుకుని పందిట్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు. సాయంత్రానికి మిద్దె ఖాళీ చేయాలట. పదకొండు దాటింది. పన్నెండు కూడా దాటింది. ఇదిగో పోతాను, అదిగో పోతాను అని పంచెలు మడిచినవే మళ్ళీ మడుస్తున్నాను. అప్పుడు వాకిట్లో ఒక అద్దె కారు ఆగింది. నిండుగా ఉన్న ఒక పెద్దాయన, ఆయన తల్లి కాబోలు, వంగిపోయినా కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్న ఒక అవ్వ, వాళ్ళ వెనక ఇద్దరు ముగ్గురు చుట్టాలు దిగారు. అసిస్టెంటు అబ్బాయి పరిగెత్తుకుంటూ వెళ్ళి, "ఇంత లేటా అండీ! రండి, రండి, ముందు బట్టల దగ్గరికి పదండి" అని వాళ్ళను తోలుకొచ్చి నా ముందు నిలబెట్టాడు. కలికిరి వాళ్ళు వచ్చేశారు, హమ్మయ్య అనుకున్నాను.

వాళ్ళు కలికిరి వాళ్ళు కాదు. కుప్పం వాళ్ళు. అది తర్వాత తెలిసింది కానీ ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే మీకు తమాషా తెలియదు. కుప్పం నుంచి పలమనేరు మీదుగా మదనపల్లెకు వస్తూ, దారిలో పుంగనూరులో పందిరీ తోరణాలూ చూశారు. దాని ముందే మా అంగడి పేరు రాసిన వ్యాను నిలబడి ఉంది. "మదనపల్లె దాకా మనకు శ్రమ యాల అని ఈడే ఏర్పాటు చేసినట్టుండారు" అనుకుని కారు ఆపించారు. లోపలికి రాగానే మర్యాదగా పిలిచి, కొత్త బట్టల దగ్గరికి తీసుకుపోయారు. మగపెళ్ళివాళ్ళకు బట్టలు పెట్టడం మా వైపు పెద్ద మర్యాద. అది కూడా మాట ఖాయం కాకముందే పెడుతున్నారంటే ఆ పెద్దాయనకు ఎలా ఉంటుంది? మెడ ఒక జానెడు పొడుగైంది. ఇక నా సంగతి. అంగట్లో పుట్టిన చెయ్యి కదా, కొత్త గుడ్డను ఉత్తగా ఎవరి మీదికీ విసరలేను. కుంకుమ బొట్టు పెట్టి, రెండు చేతులా అందించడం అలవాటు. "తీసుకో పెదనాయనా" అని పంచె, పట్టు కండువా ఆయన చేతుల్లో పెట్టి, తలపాగా కూడా నేనే చుట్టాను. వయసైన మగవాళ్ళందరినీ అంగట్లో అలాగే పిలుస్తాను. గిరాకీని చుట్టాన్ని చేసుకుంటే బేరం సగం అయిపోయినట్టే.

ఆయన తల్లి వైపు తిరిగి, "సూస్తివామ్మా మర్యాద! మదనపల్లోళ్ళు దేంట్లోనూ తక్కువ చెయ్యరు" అన్నాడు. అవ్వ మాత్రం నేను ఇచ్చిన చీర అంచు వేళ్ళ మధ్య నలిపి చూస్తోంది. "ఇది బాగలేదు పాపా" అంది. ఇంకోటి ఇచ్చాను. దాన్నీ నలిపి, మళ్ళీ మొదటి దాన్ని ఎత్తుకుని, "ఇది బాగలేదంటే బాగలేదు" అంది. నేను రెండోది తీసేసి మొదటి దాన్నే ఆమె భుజం మీద వేశాను. "నీకు నచ్చింది ఇదే గదవ్వా, యాల తిడతావు దాన్ని?" అవ్వ నా వైపు ఒక్కసారి తేరిపార చూసింది. పళ్ళు లేని నోటితో నవ్వింది. "గట్టిదానివే. ఎవురి బిడ్డవు మే నువ్వు?" నేను జవాబు చెప్పేలోపే అసిస్టెంటు వచ్చి వాళ్ళందరినీ పందిట్లోకి తీసుకుపోయాడు.

అక్కడ పట్టాల మీద కదిలే పెద్ద కెమెరా ఉంది, గొడుగుల్లాంటి లైట్లు ఉన్నాయి. ఇప్పుడైనా అనుమానం రావాలా, వద్దా? రాలేదు. ఈ కాలంలో పెళ్ళికి వీడియో లేనిదెక్కడ? "వీడియో కూడా పెద్దదే పెట్టించినారు" అని పెద్దాయన తలపాగా సర్దుకుని ఇంకా నిటారుగా కూర్చున్నాడు. నేను కూడా ఏం గొప్పగా నటిస్తున్నారు ఈ కలికిరి వాళ్ళు అనుకుంటూ స్తంభం పక్కన నిలబడ్డాను.

అప్పుడొచ్చాడు మా నాయన. నేను ఇంటికి రాకపోయేసరికి బస్సెక్కి వచ్చేశాడు. ఇస్త్రీ పంచె, కొత్త చొక్కా, మొహం మాత్రం కుంపటిలా ఉంది. "ఏం మే..." అని నోరు తెరిచి, పందిట్లోకి చూసి అలాగే ఆగిపోయాడు. తన చేతుల మీదుగా కొన్న పట్టు కండువా కప్పుకుని, నుదుట బొట్టుతో, కుప్పం ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆయన నాయనను చూసి దండం పెట్టి, "ఏమప్పా, ఈడనే కానిచ్చేస్తాండారే! మంచిదే, మంచిదే" అన్నాడు. నేను ముందే చెప్పాను కదా, ఎదుటి పార్టీ ముందు ఆశ్చర్యపోకూడదని. నాయన మొహంలో ఒక్క గీత కూడా కదల్లేదు. "మీకు దూరమవతాదని ఈడ పెట్టినాం" అన్నాడు. అని, తల తిప్పకుండా పెదాలు కదపకుండా నాతో అన్నాడు: "వాళ్ళే మే. కుప్పమోళ్ళు."

పెళ్ళికొడుకు తండ్రికి తలపాగా చుట్టింది నేనా? అవ్వతో బేరం ఆడింది నేనా? ఆ దిగులు తీరకముందే డైరెక్టరు కన్ను నాయన మీద పడింది. అటు నుంచి చూశాడు, ఇటు నుంచి చూశాడు. "అచ్చం ఆయన వీపే! ఆయనకి కోటు వేయండి. వెనక నుంచి తీసేద్దాం, మొహం తర్వాత అతికిద్దాం" అన్నాడు. చూస్తుండగానే నాయనకు పాత కాలపు కోటు తొడిగారు. చేతిలో ఇత్తడి పళ్ళెం పెట్టారు. దాంట్లో తమలపాకులు, వక్కలు, అరటిపళ్ళు, పసుపు పూసిన కొబ్బరికాయ. నకిలీవి ఒక్కటీ లేవు.

నాయనకు అది సినిమా అని తెలుసు. కుప్పం ఆయనకు తెలియదు. "ఇది సినిమా, మిమ్మల్ని వేషగాళ్ళు అనుకుని కూర్చోబెట్టినారు" అని చెబితే సంబంధం అక్కడే తెగిపోతుంది. చెప్పకపోతే తాంబూలం చేతులు మారిపోతుంది. నాయన నా వైపు చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. పోతున్న గిరాకీని ఆపడానికి చివరి ధర చెప్పేముందు చూసే చూపు అది. నేను వద్దన్నట్టు తల ఊపాను. నాయన కళ్ళు తిప్పుకున్నాడు. "యాక్షన్" అన్న కేక వినపడింది. నాదస్వరం మోగింది. నాయన నడిచి వెళ్ళి, వంగి, పళ్ళెం కుప్పం ఆయన చేతుల్లో పెట్టాడు. ఆ మర్యాదల్లో పిల్లను ఇంకా చూడలేదన్న సంగతే మరిచిపోయి, ఆయన కళ్ళకద్దుకుని పుచ్చుకున్నాడు. కలికిరి వాళ్ళతో అయితే ఇరవైసార్లు తీయాల్సి వచ్చేదేమో, ఇది మాత్రం ఒక్క దెబ్బకే ఓకే అయిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. నా షట్టరు గది, సున్నం కొట్టిన గోడలు, నా రవికల అలమార, అన్నీ ఆ చప్పట్లలో కొట్టుకుపోయాయి.

"తర్వాత షాట్, చేతులు!" అన్నాడు డైరెక్టరు. హీరోయిన్ వచ్చి పళ్ళెం వెనక్కి తీసుకునే షాట్ అది, దగ్గరి నుంచి చేతులు మాత్రమే కనపడాలి. ఆ అమ్మాయికేమో ఇంకో సినిమా కోసం పెంచిన పొడుగాటి రంగు గోళ్ళు ఉన్నాయి, కత్తిరించడానికి వీల్లేదట. కాస్ట్యూమ్స్ అక్క చుట్టూ చూసి నా మణికట్టు పట్టుకుంది. "ఈ పిల్ల చేతులు చూడండి, పని చేసిన చేతులు. ఆ కాలానికి సరిపోతాయి" అంది. బొటనవేలి పక్కన కత్తెర కోసిన మచ్చ కూడా ఉంది. దాన్ని కప్పొద్దు, బాగుంది అన్నాడు డైరెక్టరు. నాకు పెళ్ళికూతురి గాజులు వేశారు, పట్టు కొంగు మోచేతుల మీదుగా లాగారు. "ఏం లేదమ్మా, వెళ్ళు, ఆయన చేతిలో పళ్ళెం తీసుకో, తిరిగి మీ నాన్న చేతిలో పెట్టు. అంతే. డైలాగ్ హీరోయిన్ తర్వాత చెప్తుంది" అన్నాడు. "మీ నాన్న" అని ఆయన మామూలుగానే అన్నాడు, పాపం, నిజంగానే మా నాయన అని ఆయనకేం తెలుసు?

వెళ్ళాను. పెద్దాయన ముందు నిలబడి పళ్ళేనికి రెండు చేతులూ వేశాను. ఆయన వదల్లేదు. కొంచెం లాగాను. ఆయన ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. "ఏందమ్మా ఇది, ఇచ్చిన తాంబూలం తీసుకుంటారా ఎవురైనా?" అన్నాడు. కొబ్బరికాయ అటు దొర్లింది, ఇటు దొర్లింది. "సూపర్! వదలొద్దు, అలాగే లాగండి! చేతులు వణకనీ!" అని వెనక నుంచి డైరెక్టరు అరుస్తున్నాడు. చేతులు వణకమని ఎవరూ చెప్పనక్కర్లేదు, గాజులు గలగలమంటున్నాయి. అప్పుడు గుర్తొచ్చింది. గిరాకీ పట్టుకున్నదాన్ని లాగకూడదు. లాగడం ఆపేశాను. చేతులు పళ్ళెం మీదే ఉంచి, నెమ్మదిగా అన్నాను.

"పెదనాయనా, ఇది సినిమా. ఆడ ఉండేది సినిమా కెమెరా. మిమ్మల్ని ఎవురూ అవమానం చెయ్యాలనుకోలే, మీరు మా వ్యాను సూసి దిగినారు, వీళ్ళు మిమ్మల్ని నాటకమోళ్ళనుకున్నారు. మీరు సూడాలని వచ్చిన పిల్లని నేనే."

ఆయన నోరు తెరుచుకుంది. పళ్ళెం మీద పట్టు మాత్రం సడలలేదు.

"నేను అంగట్లో పుట్టిన పిల్లని. పొద్దున లేచి షట్టరు ఎత్తకపోతే నాకు తెల్లారినట్టుండదు. మీ ఇంట్లో నాకు అన్నీ ఉంటాయి, అది మటుకు ఉండదు. ఇది సినిమా కాకపోయినా, నిజం తాంబూలమైనా, నేను ఇట్లనే వచ్చి అడిగేదాన్ని. ఇయ్యి పెదనాయనా."

లైట్ల వేడికి ఆయన తలపాగా కింద నుంచి చెమట కారుతోంది. నాయన కోటు వేసుకుని రాయిలా నిలబడి ఉన్నాడు. అప్పుడు పెద్దాయన వెనక నుంచి అవ్వ గొంతు వినపడింది. "ఒదలరా." ఆయన తల తిప్పి, "అమ్మా, నువ్వుండు" అన్నాడు. "ఇన్నేండ్లూ ఊరికే ఉన్నా గదా. మీ నాయన అంగట్లో చింతపండు తూకం యాడ తేడా వస్తాదో నాకు తెలిసినంత నీకు తెలీదు. తెలిసి ఏం లాభం? పొయ్యి కాడే ఉంటిని. ఒదలరా పళ్ళెం." పెద్దాయన వేళ్ళు ఒక్కొక్కటే సడలాయి.

వెనక్కి తిరిగి నాయన దగ్గరికి వచ్చాను. పళ్ళెం చాచాను. ఆయన చేతులు పైకి రాలేదు. తీసుకుంటే ఏమవుతుందో ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. "తీసుకోండి సార్, తీసుకోండి" అని డైరెక్టరు బతిమాలుతున్నాడు. నాయన నా మొహం వైపే చూస్తున్నాడు. నేర్చుకున్న సూత్రాలన్నీ అయిపోయాయి. "పట్టుకో నాయనా, బరువుగా ఉండాది" అన్నాను. ఆ మాటకు ఆయన చేతులు వాటంతట అవే లేచాయి. చిన్నప్పుడు మూటల కింద నేను తూలితే లేచినట్టే.

"కట్! ఓకే!" అన్న తర్వాత అసలు గొడవ మొదలైంది. కుప్పం ఆయన తలపాగా తీసి కుర్చీలో కొట్టాడు. "మమ్మల్ని వేషగాళ్ళను చేస్తారా? నువ్విచ్చినావు, నేను తీసుకున్నా. అంత పెద్ద వీడియోలో ఉండాది. మాట మాటే!" అని నాయన మీదికి వచ్చాడు. నాయన తన చేతిలోని పళ్ళెం వైపు చూసుకున్నాడు. ఇచ్చింది నిజమే కదా. నాకు కన్నీళ్ళు వస్తున్నా నోరు మాత్రం అంగడిదే. "తిరిగిచ్చింది కూడా దాంట్లోనే ఉండాది గదా పెదనాయనా. సగం బేరం లెక్కకు పట్టి, మిగతా సగం లేదంటే ఎట్లా?" అన్నాను. కిరాణా వ్యాపారి కదా, న్యాయం ఎటు ఉందో తెలుస్తూనే ఉంది, ఒప్పుకోవడమే కష్టం. వచ్చిన చుట్టాల ముందు ఏ మొహం పెట్టుకుని వెనక్కి పోవాలి? ఆ దారి చూపించింది కూడా అవ్వే.

"ఒరే, వచ్చినప్పట్నుంచి ఈ పాప నిన్ను ఏమని పిలస్తాండాది?"

"ఏమని... పెదనాయనా అని."

"పలికినావా లేదా?"

"పలికినా."

"నువ్వు పెదనాయనవైతే నీ కొడుకు దానికి అన్న అవతాడు. అన్నకిచ్చి పెండ్లి చేస్తారంట్రా యాడన్నా? పిలిచినప్పుడు పలికితివి, ఇప్పుడు కాదంటే ఎట్లా? వరస కుదరలేదని చెప్పు అందురికీ. లెయ్యి, కార్లో కూర్చో."

ముందు నవ్వింది నాయన. ఆ కోటులోనే, పళ్ళెం పట్టుకునే, భుజాలు కదిలేటట్టు నవ్వాడు. పెద్దాయన కొంతసేపు మీసం పట్టుకుని బిగపట్టుకున్నాడు కానీ ఆపుకోలేకపోయాడు. అంతలో కాస్ట్యూమ్స్ అక్క పరుగెత్తుకొచ్చి నా చెవిలో, "ఆ ముసలావిడ చీర విప్పించు, రేపటి సీన్లో కావాలి" అంది. అడిగాను. "పెట్టిన బట్ట తిరిగి అడగతారా? మదనపల్లోళ్ళ మర్యాద ఇంతేనా?" అంది అవ్వ, కొంగు బిగించి పట్టుకుని. లాగకూడదు కదా, మాట్లాడాను. అవ్వ ఎక్కడా తగ్గలేదు. నా జీవితంలో నేను ఓడిపోయిన బేరం అదొక్కటే. చివరికి కుదిరిన ఒప్పందం ఏమిటంటే, చీర అవ్వదే, కానీ షూటింగు అయ్యేదాకా అవ్వ రోజూ కుప్పం నుంచి కారులో వచ్చి ఆ చీరలోనే కెమెరా ముందు కూర్చోవాలి, కారూ భోజనమూ సినిమా వాళ్ళవి. డైరెక్టరు దానికి ఎగిరి గంతేశాడు.

మదనపల్లెకు తిరిగొచ్చేటప్పుడు నాయన వ్యాన్లో నా పక్కనే కూర్చున్నాడు. ఒళ్ళో ఇత్తడి పళ్ళెం అలాగే ఉంది. ఇచ్చేసి రావాలని ఆయనకూ తోచలేదు, అడగాలని వాళ్ళకూ తోచలేదు. అమ్మతో ఏం చెబుతాడో, ఊళ్ళో ఏమంటారో అని లెక్కలు వేసుకుంటున్నాను. ఊరి పొలిమేరలో టమోటా బండ్ల వెనక వ్యాను ఆగినప్పుడు, బయటికి చూస్తూ అన్నాడు. "ఆ పక్క షట్టరు తాళం తుప్పు పట్టిండాది. కొత్తది కొనాల."

మొహంలో ఏమీ కనపడకూడదు. "తాళం కొనేది నువ్వా నాయనా, నేనా?"

"అంగడి ఎవురిదైతే వాళ్ళే."

బేరం ఆడలేదు. జీవితంలో మొదటిసారి, చెప్పిన ధరకే ఒప్పుకున్నాను.

సినిమా విడుదలైనప్పుడు అవ్వ పట్టుబట్టి నన్ను కుప్పం పిలిపించుకుంది. హాల్లో ఒక పక్క అవ్వ, అదే చీరలో. ఇంకో పక్క పెదనాయన. తెర మీద రెండు చేతులు వచ్చి పళ్ళెం పట్టుకోగానే, హాలంతా వినపడేలా, "సూడండప్పా, అది మా తాంబూలం! లాగేసుకునింది!" అని కేక వేశాడు. ఆయన కొడుక్కి ఆ తర్వాత మంచి సంబంధమే కుదిరింది. పెళ్ళి చీరలు నా దగ్గరే కొన్నారు. కూతురి వరస కదా అని ఆయన అడిగిన తగ్గింపుకు నాకు మిగిలిందేమీ లేదు. కొత్త కోడలు అంగట్లో కూర్చోకూడదన్న షరతు మటుకు ఈసారి ఎవరూ పెట్టలేదట. అవ్వ పెట్టనివ్వలేదట. నాకు పెళ్ళయిందా లేదా అని మీరు అడుగుతారని తెలుసు. అంగడికి రండి, చెబుతాను. ఊరికే చెప్పను, ఒక రవిక గుడ్డైనా కొనాలి.

ఇప్పుడు ఆ సినిమా ఫోన్లోనే దొరుకుతోంది. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు అప్పుడప్పుడు ఆ సీను దగ్గరికి జరిపి పెట్టుకుంటాను. మొహం లేదు, మాట లేదు, కత్తెర మచ్చ ఉన్న రెండు చేతులు అంతే. గాజులు వణుకుతూ, పళ్ళెం మీద పట్టు వదలకుండా నిలబడి ఉంటాయి. ఆ పిల్లకు తర్వాత ఏమవుతుందో నాకు తెలుసు, ఆ చేతులకు మాత్రం ఇంకా తెలియదు. అందుకే ఎన్నిసార్లు చూసినా ఆ చోటికి రాగానే, "లాగొద్దు మే, మాట్లాడు, వదుల్తాడు" అని ఫోనుకు చెబుతాను. ఎవరైనా గడప తొక్కితే గబుక్కున ఫోను బోర్లించి, ముందు వాళ్ళ చెప్పుల వైపు చూస్తాను.